కాకి తన్నిన కబురు

దామోదర్ సేటు, రుక్కి మానుకోట స్టేషన్‌లో రైలెక్కి అది మూడో రోజు. బెజవాడలో ఒక బండి, మద్రాసులో ఒక బండి మారి, బంగారుపేటలో చిన్న ప్యాసింజరెక్కి, పొద్దున తొమ్మిదింటికి బంగారు గనుల ఊళ్ళో దిగారు. తేల్చుకోవలసింది ఒక్కటే. డెబ్బై రెండు కరువులో ఈ గనుల పనికి వచ్చిన రుక్కి మొగుడు మాన్‌సింగ్ ఉన్నాడా, పోయాడా? మొదటి ఐదేళ్ళలో మూడుసార్లు సెలవు మీద తండాకు వచ్చి పోయాడు. ఆరేళ్ళ నుంచి మనిషి రాలేదు. నాలుగేళ్ళ నుంచి మనియార్డరూ లేదు, కబురూ లేదు.

తేలకపోయినా ఇన్నాళ్ళు రోజులు గడిచాయి. ఇక గడవవు. నెల్లికుదురు పక్కన వాళ్ళ తండాలో కొడుకు ధన్‌సింగ్ పెళ్ళి ఇరవై రోజుల్లోకి వచ్చింది. రేగొండ దిక్కు నుంచి పిల్లనిస్తున్న లక్ష్మా నాయక్ మాట తెగేసి చెప్పాడు. "పిల్లగాని తల్లి పెండ్లిల ముంగట నిలవడాల్నా, మూలకు కూసోవాల్నా, అది తేలాలె. తేలకుంట నా బిడ్డను తోలియ్య."

రుక్కి రెండు చెంపల మీద జుట్టుకు అల్లుకుని వెండి ఘుగ్రీలు వేలాడుతుంటాయి. మొగుడున్న లంబాడ ఆడదానికి అవి గుర్తు. మొగుడు పోయిన రోజునే తీసెయ్యాలి. పోయాడో లేదో తెలియని ఆడది ఏం చెయ్యాలో తండా పెద్దలెవరికీ తెలియదు. రుక్కి తిన్నగా మానుకోట వచ్చి రైతుల మిర్చి కమీషన్ మీద అమ్మిపెట్టే దామోదర్ అడ్తి దుకాణం ముందు కూర్చుంది. "ఆ ఊరి తొవ్వ నీకే ఎరుక సేటు. నువ్వే పంపినవు. నువ్వే తోల్కపో."

కాదనడానికి దామోదర్‌కు నోరు రాలేదు. అరవై తొమ్మిది తెలంగాణ గడబిడలో జనగామ స్టేషన్ దగ్గర లాఠీ దెబ్బకు మోకాలు పగిలి పట్టాల మీద పడ్డప్పుడు, అతన్ని భుజాన వేసుకుని మైలున్నర ఉరికినవాడు మాన్‌సింగ్. అది పైకి చెప్పుకునే కారణం. లోపలి కారణం వేరు. రుక్కి ఇంకొకరిని వెంటబెట్టుకుని పోతే ఏం బయటపడుతుందో తెలియదు. తానే పోతే ఏమీ బయటపడకుండా చూసుకోవచ్చు. వెతికాం, దొరకలేదు అన్న మాటతో తిరిగొస్తే పెళ్ళి అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. దామోదర్ కట్టిన లెక్క అది.

ఊరు చూసి దామోదర్‌కు మొదట నవ్వొచ్చింది. బంగారం తీసే ఊరంటే ఎట్లా ఉంటుందనుకున్నాడో అతనికే తెలియదు. ఎటు చూసినా బూడిద పసుపు రంగు దిబ్బలు. గడ్డి పోచ మొలవని దిబ్బలు, గుట్టలంత ఎత్తు. రాయిని పిండి చేసి, విషపు మందు నీళ్ళతో కడిగి, బంగారం తీసుకుని పారబోసిన పిప్పి అది. గాలి లేస్తే ఆ పిండి వచ్చి కళ్ళల్లో, పళ్ళ మధ్య, ఆరేసిన బట్టల మీద పడుతోంది. దిబ్బల మధ్య ఇనుప చట్రాల మీద పెద్ద చక్రాలు తిరుగుతున్నాయి. వాటి తాళ్ళకు వేలాడే పంజరాల్లో మనుషులు మైలున్నర లోతుకు దిగి వస్తారని రైల్లో ఎవరో చెప్పారు. ఒక పక్కన ఇంగ్లీషు దొరలు కట్టుకున్న బంగళాలు, ఎర్ర పెంకులు, పూలచెట్లు. ఇంకొక పక్కన తడికె గోడల మీద రేకులు కప్పిన గుడిసెల వరసలు.

"బండెడు రాయికి చిటికెడు బంగారం," అన్నాడు దామోదర్, మాట్లాడకపోతే బాగుండదని. "మన మిర్చిల గింత తాలు పోతే అడ్తి బంజేసుకోవుడే."

రుక్కి దారిన పోతున్న ఆడవాళ్ళను చూస్తోంది. "బంగారం ఎవలు తీస్కపోయిండ్రో గని సేటు, ఒక్కదాని మెడల గూడ లేదు. అందరియి పసుపు తాళ్ళే."

గని ఆఫీసులో గుమాస్తా మంచివాడే. కళ్ళద్దాలు తుడుచుకుని, డెబ్బై రెండు నుంచి ఈ ఎనభై మూడు దాకా పెద్ద పుస్తకాలు నాలుగు తీసి, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చూశాడు. మాన్‌సింగ్ అనే పేరు లేదు. వరంగల్ జిల్లా నుంచి వచ్చిన లంబాడ ఒక్కడూ లేడు.

"జర మల్ల సూడు సారూ," అంది రుక్కి.

గుమాస్తా మళ్ళీ చూశాడు. లేదు.

దామోదర్ పైకి నిట్టూర్చాడు. లోపల మూడు రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి వదిలాడు. పుస్తకంలో ఆ పేరు ఉండదని అతనికి ముందే తెలుసు. డెబ్బై రెండులో గనులకు కూలీలను కుదిర్చే మేస్త్రీ మానుకోట వచ్చినప్పుడు, నాలుగో తరగతి చదివినట్లు బడి కాగితం ఉన్నవాళ్ళనే తీసుకుంటానన్నాడు. మాన్‌సింగ్ బడి మొహం చూడలేదు. దామోదర్ సొరుగులో ఒక బడి కాగితం ఉంది. దుకాణంలో బస్తాలు మోసే హమాలీ సారయ్యది. రేషన్ కార్డు కోసమని తెచ్చి ఇచ్చి మరిచిపోయాడు. దామోదర్ అది తీసి మాన్‌సింగ్ చేతిలో పెట్టాడు. "రాయి కొట్టేది రెక్కలు గని పేరు గాదు. అక్కడ నువ్వు సారయ్యవు. ఇక్కడ మాన్‌సింగ్‌వు. పెండ్లానికి గూడ చెప్పకు, తెలిస్తె నౌకరీ పోతది. పైసలు నా దుకాణానికే పంపు, నేను ఇస్త." అట్లా మాన్‌సింగ్ సారయ్యగా భూమిలోకి దిగాడు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు.

"పుస్తకంల లేడు. ఇంక ఏంజేస్తం, రైలుకు పోదాం నడువు రుక్కీ," అన్నాడు దామోదర్.

రుక్కి కదలలేదు. "పుస్తకం నాకెందుకు సేటు. పుస్తకంల లేకుంటె మనుషులల్ల ఉంటడు. నువ్వు గీ నీడకు కూసో. నేను అడుక్కొస్త."

కూర్చోవడానికి దామోదర్‌కు ధైర్యం లేదు. వెంట నడిచాడు.

గుడిసెల వరసల్లో సగం అరవం, సగం తెలుగు. తెలుగంటే కుప్పం, పలమనేరు దిక్కు తెలుగు. రుక్కి ప్రతి గడప ముందూ అదే మాట చెప్పుకుంటూ పోయింది. ఎత్తైన మనిషి, నల్లగుంటడు, ఎడమ చెవు కోడె కొమ్ము తగిలి తునిగి ఉంటది. కొందరు ఆమె అద్దాల రవికె చూసి నవ్వారు. కొందరు మాట అర్థం కాక చేతులు తిప్పారు. మూడో వరస చివర ఒక ముసలామె చేటలో బియ్యం ఆపి తలెత్తింది.

"తెగిన చెవా? మన సారయ్య కాదూ?" అని లోపలికి కేకేసింది. "ఏమయ్యా, సారయ్య ఊరోళ్ళు వచ్చినారు!"

రుక్కి వెనక్కి తిరిగి దామోదర్‌ను చూసి నవ్వింది. "సారయ్య అంట. సారయ్య మన దుకాణంల బస్తాలు మోస్తున్నడు గద సేటు. వీళ్ళకు ఎవలో ఏమో."

దామోదర్ నవ్వలేకపోయాడు.

లోపల్నుంచి వచ్చినవాడి పేరు మునెప్ప. ముప్పై ఏళ్ళు గనిలో రాయి తొలిచి, రొమ్ము చెడి, పని మానుకున్నాడు. రెండడుగులకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఇద్దర్నీ రేకు పెట్టె మీద కూర్చోబెట్టి తాను గడపలో చతికిలబడ్డాడు.

"మీ మాట వినంగానే పోల్చుకుంటిని," అన్నాడు. "వాడూ ఇట్లే. ఏంది అంటాడు, గిట్ల అంటాడు, జర అంటాడు. తెలుగు మాట్లాడరా అంటే గిదే తెలుగు అంటాడు. నవ్వి నవ్వి చస్తా ఉంటిమి. మనిషి మాత్రం మాణిక్యం. పంజరం కిందికి జారేటప్పుడు మేమంతా గోవిందా అంటామా, వాడొక్కడూ కండ్లు మూసుకుని సేవాభాయా, సేవాభాయా అనుకుంటా..."

రుక్కి చేయి రేకు పెట్టెను గట్టిగా పట్టుకుంది. మానుకోటలో బస్తాలు మోసే సారయ్య బరువెత్తేటప్పుడు రాజన్న దేవుణ్ణి తలుచుకుంటాడు. సేవాభాయా అని లంబాడ దేవుణ్ణి తలిచేది తండా మనిషి.

ఆమె అడగబోయింది. అప్పుడే కాళ్ళ కింద నేల ఒక్కసారి దులిపినట్లు కదిలింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఎక్కడో చాలా లోతున కొండ విరిగినట్లు మూలిగింది. క్షణంలో వరసలోని ఆడవాళ్ళంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. అందరి కళ్ళూ దూరంగా తిరిగే చక్రం మీదికి, అందరి చేతులూ మెడల్లో తాళ్ళ మీదికి పోయాయి. రుక్కి చేయి తనకు తెలియకుండానే చెంప మీది ఘుగ్రీ పట్టుకుంది. అందరూ సైరన్ కోసం చెవులొగ్గారు. కూయలేదు. ఒక్కొక్కరే లోపలికి పోయారు.

"లోపల రాయి పేలింది," అన్నాడు మునెప్ప. "మనుషులు లేని తావులో పేలినట్టుంది. ఈ పొద్దుకు బతికినాం."

"ఆయన ఏడున్నడు?" అంది రుక్కి.

మునెప్ప పెళ్ళాం వైపు చూశాడు. ఆమె చేటలోకి చూసింది.

"పోయినాడు తల్లీ. నాలుగేండ్లాయె. రాయి పేలి పోయినాడు. మీ ఊరికి తంతి కొట్టిస్తిమి గదా, మానుకోటలో సేటు దుకాణానికి. నేనే పోస్టాఫీసులో రాయించినాను. సారయ్య చచ్చిపోయినాడని. అందలేదా?"

దామోదర్ రుక్కి ముఖం చూడలేక తలుపు సందులోంచి కనబడే పసుపు దిబ్బను చూశాడు. ఆమె ఏం జ్ఞాపకం చేసుకుంటోందో అతనికి తెలుసు. ఆ రోజు ఆమె దుకాణంలోనే ఉంది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం. దుకాణం ముందు ఆరేసిన మిర్చి చుట్టూ పదిమంది ఆడవాళ్ళు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. అందులో రుక్కి ఒకతె. తంతివాడు సైకిలు దిగి కాగితం ఇచ్చాడు. దామోదర్ విప్పి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు. సారయ్య చనిపోయాడు. సరిగ్గా అప్పుడే హమాలీ సారయ్య నెత్తిన బస్తాతో లోపలికి వచ్చి, "ఎవలు సేటు సచ్చింది?" అన్నాడు. దుకాణం దుకాణమంతా గొల్లున నవ్వింది. నాలుగు రోజుల కిందే సారయ్య నెత్తి మీద కాకి తన్నింది. కాకి తన్నినవాడు చచ్చిపోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపి ఏడిపిస్తే దోషం పోయి ఆయుష్షు పెరుగుతుందని అందరికీ తెలిసిందే. "నీ బామ్మర్ది పట్నపోడు గద, మనిషిని తోలుతె ఏం బాగుంటదని తంతి కొట్టించిండు," అన్నాడొకడు. "నూరేండ్లు బతుకుతవు పో సారన్నా!" సారయ్య మురిసిపోయి అందరికీ చాయ్ తాగించాడు.

అందరితో కలిసి దామోదర్ కూడా నవ్వాడు. కాగితం మీద ఏ ఊరి నుంచి వచ్చిందో రాసి ఉంది. ఆ దుకాణంలో ఇంగ్లీషు చదవగలిగింది అతనొక్కడే.

"నేను గూడ నవ్విన సేటు," అంది రుక్కి.

గొంతు పెద్దది కాలేదు. అరిచి ఉంటే దామోదర్‌కు ఏదో ఒక జవాబు దొరికేది. నలభై ఏళ్ళ బేరాల్లో అరిచేవాళ్ళనందరినీ అతను సముదాయించాడు.

"సారయ్య పక్కన కూసోని, నీకు ఇంక సావులేదు పో బావా అని నేనే అన్న. నువ్వు ఇన్నవు. ఇని నవ్వినవు."

"రుక్కీ..."

"ఆయన పేరు సారయ్య అని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎవలు పెట్టిండ్రు గా పేరు?"

"నేనే."

దామోదరే ఇంకా చెప్పుకుపోయాడు. మనిషి ఎట్లాగూ పోయాడనుకున్నానన్నాడు. ధన్‌సింగ్ అప్పటికి పద్నాలుగేళ్ళవాడన్నాడు. మొగుడున్నాడన్న ధైర్యంతో సంసారం నడుస్తోంది గదా, ఉన్న ఆశ తీసి ఏం ఇస్తాననుకున్నానన్నాడు. అంతా విన్నాక రుక్కి అంది:

"ఇయన్ని పైకాయలు సేటు. అడుగు కాయ తియ్యి."

బస్తా పైనున్న కాయ ఎప్పుడూ బాగుంటుంది. చెయ్యి మోచేతి దాకా పెట్టి అడుగు కాయ తీసి చూడనివాడు అడ్తి నడపలేడు. పదేళ్ళు అతని దుకాణంలో మిర్చి ఏరిన మనిషికి ఆ సంగతి తెలియదా?

"దొంగ కాగితమిచ్చి పంపిన. తండా మిర్చంత నా అడ్తికే వస్తది. చెప్తె ఒక్క బస్తా గూడ రాకపోవు," అన్నాడు దామోదర్. "గదే."

అతని జీవితంలో బేరం లేకుండా చెప్పిన మాట బహుశా అదొక్కటే. దానికి విలువ లేకుండా పోయింది. నాలుగేళ్ళు ఆలస్యమైన సరుకును ఎవరూ ముట్టుకోరు.

రుక్కి కొంగు సవరించుకుని, మునెప్ప పెళ్ళాం పక్కన నేల మీద కూర్చుంది. కుడి చెంప మీది జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి ముడి వెతికింది. ధన్‌సింగ్ కంటే ముందు పుట్టిన ముడి అది. గట్టిపడిపోయింది. గోళ్ళతో గీకి, తెంపి, ఘుగ్రీ ఊడదీసి పిడికిట్లో పెట్టుకుంది. ఆ చెంప ఉన్నట్టుండి బోసిపోయింది. వెండి ఆనిన చోట చర్మం తెల్లటి మచ్చగా ఉంది. ఏడుపు లేదు. ఎడమ వైపు ముడికి చేయి పోయింది.

"వద్దు తల్లీ!" మునెప్ప గడప మీంచి పాకినట్లు ముందుకు వచ్చాడు. "అది తియ్యొద్దు. ఆ పాపం నేను మోయలేను."

పెళ్ళాం అడ్డం వచ్చింది. "వాడికి మాటిచ్చినావు గదయ్యా!"

"మాట పోతే పోనీలేవే. ఎదురుగా కూసోని చూస్తా ఉండమంటావా? అమ్మా, వాడు చావలేదు. నా పక్కన నిలబడి వాడే చెప్పి రాయించినాడు ఆ తంతి."

ఎడమ వైపు ముడి మీద రుక్కి వేళ్ళు ఆగిపోయాయి.

మునెప్ప ఆగి ఆగి చెప్పాడు. మాన్‌సింగ్ రొమ్ములోకి రాతి పిండి దిగింది. డాక్టరు ఎక్స్‌రే బొమ్మ తీసి చూసి, తెల్లగా మేఘాలు కమ్మినట్లుందన్నాడు. అది తగ్గే జబ్బు కాదు. ఇంటికి చేరినవాళ్ళను బతికించుకోవాలని గొడ్డూ గోదా, చారెడు నేలా దవాఖానల పాలు చేసి, ఆఖరికి మనిషినీ పోగొట్టుకున్న ఇళ్ళు ఈ వరసల నిండా ఉన్నాయి. మాన్‌సింగ్ అవన్నీ చూశాడు. నేను పోయానని సేటుకు తెలిస్తే చాలు, రుక్కికి తెలుస్తుంది, తండా చూసుకుంటుంది అన్నాడు. తంతి కొట్టించిన మర్నాడే గూడూరు అవతల సముద్రపొడ్డుకు, ఉప్పు మళ్ళ కాపలా పనికి పోయాడు. సముద్రపు గాలికి ఊపిరాడుతుందని ఎవరో చెప్పారు.

"రెండేండ్ల కిందట ఆ దిక్కు పోయినోడొకడు చూసినాడంట. ఇప్పుడెట్లుండాడో నాకు తెలీదు. తెలీదు తల్లీ, నిజ్జం."

రుక్కి ఎడమ వైపు ముడి మీదినుంచి చేయి తీసింది. కుడి పిడికిలి విప్పలేదు. కుడి చెంప బోసిగా, ఎడమ చెంప మీద వెండి ఊగుతూ, అట్లాగే లేచి బయటికి నడిచింది.

కోలారు దిక్కు దాటి పలమనేరు, చిత్తూరు, గూడూరు. రోజున్నర బస్సులు మారుతూనే ఉన్నారు. ఎర్రమట్టి గట్లు, రాగి చేలు, మల్బరీ తోటలు, గుండ్రాళ్ళ గుట్టలు కిటికీలోంచి వెనక్కి పోయాయి. ఇంకో కాలంలో అయితే దామోదర్ ఏ నేలలో ఏ పంట, ఏ సంతలో ఏ ధర అని కండక్టర్లనూ రైతులనూ అడిగి రాబట్టేవాడు. ఈసారి ఏ చేనూ అతని కంటికి ఆనలేదు. బస్సులో ఆడవాళ్ళు రుక్కి రెండు చెంపలూ చూసి గుసగుసలాడారు. ఒకామె ధైర్యం చేసి, "ఒకటి ఎక్కడన్నా పడిపోయినాదా అమ్మా?" అని అడిగింది. "లేదక్కా, ఉన్నది," అని రుక్కి పిడికిలి చూపింది.

దామోదర్‌తో ఆమె ఒక్కసారే మాట్లాడింది. చిత్తూరు దాటాక.

"ఆ కాగితం మీద ఊరి పేరు ఉండెనా?"

"ఉండె."

"నవ్వక ముందు సదివినవా, నవ్వినంక సదివినవా?"

"ముందే," అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం బస్సు దిగి, నాలుగు మైళ్ళు ఇసుకలో నడిచాక సముద్రం కనబడింది. ఇద్దరిలో ఎవరూ అంతకుముందు సముద్రం చూడలేదు. ఇద్దరూ దాన్ని సరిగ్గా చూడలేదు. దానికి ఇవతల చదునైన నేల మీద కొలిచి గీసినట్లు ఉప్పు మళ్ళు. వాటి గట్ల మీద తెల్లటి కుప్పలు. అక్కడ ఉప్పు లాగుతున్న కూలీ ఒకడు చెయ్యెత్తి చూపించాడు. అన్నిటికంటే చివర, సముద్రం వైపు, తాటాకు గుడిసె.

"సారయ్యా? ఉండాడు. ఉండాడంటే ఉండాడు."

గుడిసెకు నూరడుగుల దూరంలో రుక్కి గట్టు మీద ఆగిపోయింది.

"నువ్వు పో సేటు. పోయి సూసి రా. ఇది మల్ల కట్టుకోవాల్నా, అది గూడ తియ్యాల్నా, నువ్వే చెప్పు." ఒక్క క్షణం ఆగింది. "ఈసారి దాయకు."

దామోదర్ గుడిసెలోకి వంగి దూరాడు. మొదట మనిషి కనబడలేదు. నడిమి గుంజకు ఆనుకుని ఒక చొక్కా వేలాడుతోందనుకున్నాడు. చొక్కాలో మనిషి ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి, రాత్రీ పగలూ గుంజకు ఆనుకుని కూర్చునే ఉంటాడు. తనను భుజాన వేసుకుని ఉరికిన రెక్కలు తడికెకు చెక్కిన బద్దల్లా ఉన్నాయి. ఎడమ చెవి ఒక్కటే పాత మాన్‌సింగ్‌ది.

"వచ్చినవా సేటు," అన్నాడు. ఆశ్చర్యపడే ఓపిక కూడా లేదు. "తంతి అందలేదా?"

"అందింది."

"దానికి చెప్పలేదా?"

"చెప్పలే."

"గట్లనా," అన్నాడు మాన్‌సింగ్. ఊపిరి కోసం ఆగాడు. "అమర్‌సింగ్ దాన్ని చేసుకున్నడు అనుకుంటున్న నాలుగేండ్ల సంది. అన్న పోతె వదినెను తమ్ముడు చేసుకునుడు మా తండాల ఉన్నదే గద. ఇల్లు నిలవడతదనుకున్న."

అమర్‌సింగ్ రెండేళ్ళ కింద వేరే పిల్లను చేసుకున్నాడు. దామోదర్ ఆ పెళ్ళి భోజనం తిని వచ్చాడు. ఆ మాట చెప్పలేదు. బదులుగా ధన్‌సింగ్ పెళ్ళి సంగతి చెప్పాడు, లక్ష్మా నాయక్ అడిగింది చెప్పాడు, రుక్కి గట్టు మీద నిలబడి ఉందని చెప్పాడు.

మాన్‌సింగ్ కళ్ళు గుడిసె వాకిలి వైపు పోయాయి. మనిషి మాత్రం కదలలేదు.

"రానియ్యకు. సచ్చిపోయిండని చెప్పు."

"ఇంక అబద్ధం నాతోటి గాదు మాన్‌సింగ్."

"లెక్క నీకే బాగొస్తది. ఏసి సూడు. గీ వానకాలం దాటనని డాక్టరు చెప్పిండు. నేను ఉన్ననంటె అది ఈడనే కూసుంటది, పెండ్లి ఆగుతది. లేదు, పెండ్లి చేసిండ్రే అనుకో. కోడలు ఇంట్ల కాలు వెట్టిన నెలకు నేను పోత. పిల్ల కాలు వెట్టింది, మామను మింగింది అంటరు. గా పొల్ల జిందగీ అంత గా మాట మోస్తది. ఇయ్యాల్నే పోయిననుకుంటె ఆ మాట ఎవలకు రాదు."

దామోదర్ ఆ లెక్కను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎక్కడా తప్పు లేదు. ఇంత ఒప్పైన లెక్క అతను తన దుకాణంలో ఎన్నడూ వెయ్యలేదు.

"జనగామల నిన్ను మోసిన," అన్నాడు మాన్‌సింగ్. "ఇప్పటిదాంక గది నోట తీసిన్నా? ఇయ్యాల తీస్తున్న. పో సేటు. నేను నోట్ల గుడ్డ కుక్కుకుంట. దగ్గు బయటికి రాదు."

దామోదర్ బయటికి వచ్చాడు. ఎండకు ఉప్పు మళ్ళు అద్దాల్లా మెరిసి కళ్ళు తెరవనివ్వలేదు. నూరడుగులు. నలభై ఏళ్ళుగా ఏ రైతు దగ్గరికి నడిచినా, అక్కడికి చేరేలోపు చెప్పవలసిన ధర అతని నాలుక మీద తయారుగా ఉండేది. ఈ నూరడుగుల్లో ఏదీ తయారు కాలేదు. చచ్చాడంటే మాన్‌సింగ్ బాకీ తీరుతుంది, రుక్కికి రెండోసారి మోసం. ఉన్నాడంటే రుక్కి మాట నిలబడుతుంది, కోడలయ్యే పిల్ల బతుకు పోతుంది. ఎటు తూచినా ముల్లు నష్టం పక్కకే ఒరుగుతోంది.

రుక్కి గట్టు మీద అట్లాగే నిలబడి ఉంది. కుడి పిడికిలి మూసి ఉంది. ఎడమ చెంప మీద వెండి సముద్రపు గాలికి చిన్నగా మోగుతోంది.

"ఉంచాల్నా, తియ్యాల్నా సేటు?"

దామోదర్ నోరు తెరిచాడు.

వెనక గుడిసెలో గుడ్డ కింద అణిచిన దగ్గు ఒకటి తెంపుకుని బయటపడింది. సముద్రం మీంచి వీచే గాలి దాన్ని మోసుకొచ్చి ఇద్దరి మధ్యా పడేసింది. రుక్కి చెవికి అది అందింది. ఆమె కనురెప్ప ఒక్కసారి వణికింది.

అయినా గుడిసె వైపు చూడలేదు. సేటు నోటి వైపే చూస్తోంది.